సీట్లు చూసి కొన్న కారు

ఆ వేసవిలో మా ఇంట్లో ఎవరు నోరు తెరిచినా కారు మాటే. అంతకుముందు ఏడాదంతా పై గది మాట. మేడమీద ఒక గది వేయాలి, కొడుకూ కోడలూ అందులో ఉండాలి, కోడలికి నెలలు నిండేలోపే పని అయిపోవాలి, ఇదీ మా అందరి ఆలోచన. అందుకని కాస్త కాస్త వెనకేశాం. తాపీమేస్త్రి వచ్చి మెట్లు ఎటు రావాలో చూసి, షెడ్డు గోడమీద సుద్దతో గీత కూడా గీసి వెళ్ళాడు. ఆ గీత చెరగకముందే మా ఆయన కారు కొంటానన్నారు.

మాది కార్ల సీట్లు కుట్టే ఇల్లు. ముందు షెడ్డు, షెడ్డు వెనక వంటగది, పక్కన ఒక పొడుగాటి గది. కొడుక్కి పెళ్ళయ్యాక ఆ గదికి మధ్యలో ప్లైవుడ్ చెక్క అడ్డంపెట్టి రెండు చేశాం. అటు వాళ్ళు, ఇటు మేము. అటు దుప్పటి దులిపితే ఇటు తుమ్మొచ్చేది. ఎదురుగా పెద్ద రోడ్డు, దాని మీద లారీలకు పగలూ రాత్రీ తేడా లేదు. షెడ్డులో రెండు కుట్టుమిషన్లు. తోలు కుట్టే మిషను బట్టలు కుట్టేదానిలా టకటకమనదు, బండరాయిని సుత్తితో కొట్టినట్టు ఉంటుంది దాని వరస. పడుచుతనం నుంచీ మా ఆయన దాని ముందే కూర్చున్నారు. నేను పక్కన పీట వేసుకుని చేతికుట్టు చూసేదాన్ని. మిషను దూరలేని మూలకు నా సూది దూరేది.

చేతులకు పనుంటే నోటికి తీరిక అనేది మా అమ్మ. నేను చదివింది తక్కువ, మాట్లాడింది ఎక్కువ. పెళ్ళయిన కొత్తలో నా కబుర్లకు మా ఆయన మిషను ఆపి మరీ నవ్వేవారు. "నువ్వు రేడియోలో ఉండాల్సినదానివే, దారితప్పి మా ఇంటికొచ్చావు" అనేవారు. అలాంటి మనిషి రానురాను నన్ను పట్టించుకోవడం మానేశారు. ఏం చెప్పినా "ఊఁ" అంతే. పాలు విరిగాయన్నా "ఊఁ", పక్కింట్లో దొంగలు పడ్డారన్నా "ఊఁ". ఒకరోజు ఒళ్ళు మండి, "నేనీ ఇల్లొదిలి పోతున్నా, మీ సీట్లూ మీరూ చల్లగా ఉండండి" అని గుమ్మం దాకా నడిచాను. తలెత్తి చూసి, "ఊఁ. వచ్చేటప్పుడు నల్లదారం ఉండ ఒకటి పట్రా" అన్నారు.

సరే, పక్కమీద చెబుదామంటే చెక్కకు అటు పిల్లలు నిద్రపోతుంటారు. గుసగుసగానే చెప్పాలి. గుసగుసకు ఆ "ఊఁ" కూడా వచ్చేది కాదు. కోడలు మాట్లాడితే మాత్రం టక్కున తల తిప్పేవారు. చూశారా, నా మాట పాతబడిపోయింది, కొత్తగా వచ్చినదాని మాట తియ్యగా ఉంది అనుకుని లోపల్లోపలే కుమిలేదాన్ని. పైకి మాత్రం మాట ఆపలేదు. అది కూడా ఆపేస్తే ఇంక నా దగ్గర ఏముంది?

ఎండలు ముదురుతున్న రోజుల్లో పైలట్ గారు వచ్చారు. ఒకప్పుడు విమానాలు నడిపిన మనిషి. భార్య పోయింది, ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. కారు అమ్మే ముందు సీట్లు బాగుచేయించుకుందామని తెచ్చారు. ఆ కారు ముక్కు షెడ్డులోకి వచ్చాక కూడా తోక రోడ్డుమీదే ఉంది. ముదురాకుపచ్చ రంగు, పొడుగాటి బానెట్, ఇంత పెద్ద బండికీ రెండే తలుపులు.

"దీన్ని గ్రాండ్ టూరర్ అంటారమ్మా" అన్నారు పైలట్ గారు. "ఇద్దరు మనుషులు, రెండు పెట్టెలు. పొద్దున బయల్దేరితే సాయంత్రానికి సరిహద్దు దాటెయ్యాలి. ఒళ్ళు అలిసినట్టే తెలియకూడదు."

"మరి పిల్లలో?"

"పిల్లలు రైల్లో వస్తారు" అని నవ్వారు.

మా ఆయన అప్పటికే సీటు కింద చెయ్యి పెట్టేశారు.

డ్రైవరు సీటు తోలు పగిలింది, స్పాంజి కుంగింది. ఆ పనీ ఈ పనీ చేస్తూ వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం నేను ముందు సీట్లో, తలుపు పక్కన జేబు ఊడితే కుడుతూ కూర్చున్నాను. మా ఆయన కొత్త స్పాంజి ఎలా కుదిరిందో చూడటానికి స్టీరింగు ముందుకొచ్చి కూర్చుని తలుపు లాక్కున్నారు. నా వైపు తలుపు అప్పటికే మూసి ఉంది. దూదిమూటలో తల పెట్టినట్టయింది నాకు. లారీల రొద లేదు, కొడుకు కుడుతున్న మిషను చప్పుడు లేదు. నా నోరు మాత్రం నడుస్తూనే ఉంది. తాపీమేస్త్రి ఎవరింటికో వెళ్ళి పైకెక్కాక, ఆ ఇంటాయన నిచ్చెన తీసుకుపోయి చెట్టుకు కాయలు కోసుకుంటున్నాడట, ఆ కథ చెబుతున్నాను.

"మరి సాయంత్రం దాకా పైనే ఉన్నాడా?" అన్నారు మా ఆయన.

"ఉండక ఏం చేస్తాడు? పైనుంచే ఆ ఇంటావిడ చేత కాఫీ తెప్పించుకున్నాడట, బకెట్టుకు తాడు కట్టి."

మా ఆయన స్టీరింగు మీద తల ఆన్చి నవ్వారు. ఎన్నాళ్ళకో ఆ నవ్వు. తోలు కుదిరిందన్న సంతోషం కాబోలు అనుకున్నాను.

ఆ మర్నాడు అందరం భోజనానికి కూర్చున్నప్పుడు, "పైలట్ గారి కారు మనం తీసుకుందాం" అన్నారు.

కొడుకు నమలడం ఆపేశాడు. "ఎవరికి?"

"మనకే."

"నాన్నా, మేస్త్రి వచ్చేవారం పనిలోకి దిగుతానన్నాడు. కారు కొంటే గది ఉండదు. గది వేస్తే కారు ఉండదు. రెండూ ఎక్కడ్నుంచి వస్తాయి?"

కోడలు బస్‌స్టాండులో టికెట్ల కౌంటర్లో పనిచేసేది. రోజంతా అద్దానికున్న చిల్లులోంచి జనంతో పోట్లాడి పోట్లాడి గొంతు కంచులా తయారైంది. "మామయ్యా, ఆ వెనక సీటు చూశారా? నా కడుపు ఒక్కటే పడుతుంది అందులో, నేను బయట నిలబడాలి."

"ఆ తోలు చూశావా నువ్వు?" అన్నారు మా ఆయన.

మా పుట్టు గుణం అది, ఏం చెప్పను? లోకమంతా కారు కొనేముందు బానెట్ ఎత్తి చూస్తుంది, మేము సీటు కింద చెయ్యి పెడతాం. కారునే కాదు, మనుషుల్నీ అలాగే తూస్తాం. కోడల్ని చూడటానికి వాళ్ళింటికి వెళ్ళి వస్తూ, "పిల్ల ఎలా ఉందండీ?" అని దారిలో అడిగితే, "సోఫాలో స్ప్రింగులు గట్టివి. నమ్మకమైన మనుషులు" అన్నారీయన. ఆ ముక్క ఎలాగో కోడలి చెవిన పడింది. ఇప్పటికీ కోపమొస్తే, "మీరు చేసుకుంది సోఫాని కదా, దాన్నే అడగండి" అంటుంది.

అందుకే గది కావాలని అరిచిన కొడుకు కూడా, మర్నాడు ఆ సీటు మడతలో వేలు పెట్టి చూసి మెత్తబడ్డాడు. "ఇలాంటి తోలు ఇప్పుడు దొరకదమ్మా. ఒక్క జంతువుదే, అతుకు లేకుండా" అన్నాడు. వాడూ వాళ్ళ నాన్నా సీటు చుట్టూ తిరుగుతారు, గోరుతో గీకుతారు, వాసన చూస్తారు. సాయంత్రానికి వాడు కారు పక్షం. కోడలు కౌంటర్నుంచి రాగానే మళ్ళీ గది పక్షం.

"గదైతే మంచం వేసుకోవచ్చు. కారులో ఏం వేసుకుంటావు?" అంటుంది కోడలు.

"ఈ సీటు వెనక్కి పూర్తిగా వాలుతుంది."

"అయితే పురుడు కూడా అందులోనే పోయించు. అతుకు లేని తోలు కదా!"

"అత్తయ్యా, మీరేమంటారు?" అని చివరికి కోడలు నన్నడిగింది. నేను మొదటినుంచీ గది పక్షమే. పుట్టే బిడ్డ ఏడిస్తే చెక్కకు ఇవతల నాకు నిద్ర ఉండదన్నది ఒకటి, వేలు పెట్టేంత చోటు కూడా లేని ఇంట్లో ఇంకో ఉయ్యాల ఎక్కడ పెడతామన్నది ఇంకోటి. ఆ మాటే మా ఆయనతో మిషను పక్కన కూర్చుని చెప్పాను. నచ్చజెప్పాను, దెప్పాను. "ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కిందట" అని సామెత కూడా వేశాను.

"ఊఁ" అన్నారు.

పని పూర్తయ్యాక పైలట్ గారు వచ్చి సీటు నిమిరి చూసుకున్నారు. కొనే ఆలోచన ఉందని కొడుకు చెప్పగానే ఆయన ముఖం వెలిగింది. "తెలియని వాళ్ళకి ఇచ్చేకంటే మీకిస్తే నాకు నిశ్చింత. ముందు మీ ఇద్దరూ ఒకసారి తిప్పుకుని రండి" అని తాళాలు మా ఆయన చేతిలో పెట్టారు.

ఆ కారెక్కడం ఎక్కడం కాదు, గోతిలోకి దిగడం. ముందు నా నడుము వెళ్ళింది, తర్వాత తల వెళ్ళింది, కాళ్ళు బయటే ఉండిపోయాయి. కోడలు ఒక్కొక్క కాలూ ఎత్తి లోపల పెట్టి, "పార్శిలు ఎక్కించేశాను మామయ్యా, పోనివ్వండి" అంది.

ఊరు దాటి పెద్దరోడ్డెక్కాం. బయట వడగాలి చెట్లను ఊపేస్తోంది, లోపల ఆకు కదిలిన చప్పుడు లేదు. ఇంతకంటే మంచి అదను దొరకదని నేను అందుకున్నాను.

"మీకసలు బుద్ధుందా? ఆ పిల్లకి నెలలు నిండుతున్నాయి. బిడ్డని ఎక్కడ పడుకోబెడతారు, మిషను కింద పడుకోబెడతారా?"

"నాకు తెలియదనుకున్నావా? గది కూడా వేద్దాం. కొంచెం ఆలస్యంగా వేద్దాం" అన్నారు.

ఎదురు మాట వచ్చేసరికి నేనే తడబడ్డాను. "ఎక్కడ్నుంచి వేస్తారు? మా చెల్లెలికి చూడండి, కంటి ఆపరేషన్‌కి ఉన్నదంతా ఊడ్చుకుపోయింది. రేపు మనకేదైనా వస్తే?"

"మీ చెల్లెలికి ఆపరేషనా? కంటికేమైంది?"

"అదేమిటి, చెప్పాను కదా!"

"ఎప్పుడు?"

"చలికాలంలో. మీరు ఆ టాక్సీ సీట్లు కుడుతున్నప్పుడొకసారి. తర్వాత పక్కమీద ఒకసారి. నేను వెళ్ళి చూసొచ్చిన రోజూ చెప్పాను."

ఆయన ముందు పోతున్న లారీని దాటించారు. "ఏ కన్ను?" అన్నారు తర్వాత.

"కుడి."

"చూపు వచ్చిందా?"

"వచ్చింది. ఇప్పుడు సూదిలో దారం కూడా ఎక్కిస్తోంది."

"మంచిది" అన్నారు. రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "మిషను దగ్గర రావడం లేదే. ఇంట్లోనూ రావడం లేదు. ఇందులో వస్తోంది."

"ఏమిటి?"

"నీ మాట."

నేను కిటికీ వైపు తిరిగాను. బయట కరెంటు స్తంభాలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నా నోటికి ఏమీ తోచలేదు.

"ఏం, ఆపేశావు?" అన్నారు మా ఆయన.

వంతెన ఎక్కే ఎత్తు దగ్గర కారు ఒకసారి గొంతు సవరించుకుంది. రెండోసారి ఉలిక్కిపడింది. తర్వాత బానెట్ సందుల్లోంచి పొగ వచ్చింది. మా ఆయన ఏ గేరు వేసినా ముందుకు పోకుండా వెనక్కి జారడం మొదలుపెట్టింది. రోడ్డు పక్కకి ఆపి, నన్ను రెండు చేతులూ పట్టుకుని బయటికి లాగారు.

మా వీధి మెకానిక్కుని అందరూ బోల్టు అంటారు. వాడు తన జీపుకి తాడు కట్టి కారుని మా షెడ్డు దాకా ఈడ్చుకొచ్చాడు. బానెట్ ఎత్తి లోపలికి తొంగి చూశాడు, నూనె పుల్ల తీసి చూశాడు, కారు కింద దూరి చూశాడు. లేచి చేతులు తుడుచుకుంటూ, "బేరం ఆడేముందు ఇంజను ఎవరు చూశారు?" అని అడిగాడు.

మా ఆయన కొడుకుని చూశారు. కొడుకు నన్ను చూశాడు. నేను కోడల్ని చూశాను. ఇన్ని వారాల నుంచీ మా షెడ్డులో ఉన్న కారు. మాలో ఒక్కరం కూడా ఆ బానెట్ ఎత్తలేదు.

"తోలు చాలా మంచిదిరా" అన్నాడు మా వాడు మెల్లగా.

బోల్టు నవ్వాపుకోలేక స్తంభం పట్టుకున్నాడు. "అయితే తోలు కట్టుకుని ఊరేగండి! గేరుబాక్సు పళ్ళు అరిగిపోయాయి. ఇంజన్లో నీళ్ళూ నూనే కలిసిపోయాయి. దీన్ని బాగుచేయించే ఖర్చుతో మీ పై గది మీద ఇంకో గది లేస్తుంది."

పైలట్ గారు వచ్చి విని తల దించుకున్నారు. "నిజంగా నాకు తెలియదమ్మా. ఆవిడ పోయాక నేను దీన్ని బయటికి తీసింది తక్కువ. ఆకాశంలో ఇంజను సంగతి చూసుకోడానికి వేరే మనుషులుండేవారు, నాకా అలవాటే పోయింది. ఇంక పాత ఇనుము వాడికి కబురు పెడతాను" అన్నారు.

ఇంట్లో గాలి తేలికైంది. కొడుకు మేస్త్రికి ఫోను చేశాడు. కోడలు కూనిరాగం తీస్తూ వంటగదిలోకి వెళ్ళింది. మా ఆయన వెళ్ళి మిషను ముందు కూర్చున్నారు. నేను పక్కన నిలబడి, "పోనివ్వండి, మనసు పాడుచేసుకోకండి" అన్నాను.

"ఊఁ" అన్నారు.

నేను వంటగదిలోకి వెళ్ళి, "ఆ కారు తీసుకుందాం" అన్నాను.

కొడుకు నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. "ఎండదెబ్బ తగిలిందా అమ్మా? అది ఇంక కదలదు."

"కదలక్కర్లేదు."

"కదలని కారు ఏం చేసుకుంటాం?"

"తలుపులు మూసుకుంటాయి కదా, చాలు" అన్నాను.

కోడలు గరిటె పక్కన పెట్టింది. నన్నే చూస్తూ కాసేపు నిలబడి, షెడ్డులోకి వెళ్ళింది. నేను గుమ్మంలోంచి చూస్తున్నాను. మా ఆయన మిషను ఆపేసి, దాని చక్రానికి నూనె పోస్తున్నారు. కోడలు ఆయన వెనకే నిలబడి, కౌంటరు గొంతుతో కాదు, నాలాగా, మామూలుగా, "మామయ్యా" అంది. ఆయన నూనె పోస్తూనే ఉన్నారు. ఇంకోసారి అంది. నూనె డబ్బా మూత పెట్టి, గుడ్డతో చక్రం తుడవడం మొదలుపెట్టారు.

కోడలు వెనక్కి వచ్చింది. "ఎన్నాళ్ళనుంచి అత్తయ్యా?" అంది. ఆ పిల్ల అంత చిన్న గొంతుతో మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"నాకూ ఇవాళే తెలిసిందే తల్లీ."

కొడుకు కొలతల టేపు తీసుకుని షెడ్డు చివరికి వెళ్ళి, రెక్సిన్ చుట్టలు పెట్టే మూల అటూ ఇటూ కొలిచాడు. "ఈ చుట్టలు పైకి కట్టేస్తే పడుతుంది. ముక్కు గోడకి ఆనుతుంది, అంతే" అన్నాడు.

పాత ఇనుము వాడిచ్చే ధరకే ఇచ్చేశారు పైలట్ గారు. మీకు ఇదెందుకని అడగలేదు. వెళ్ళిపోయే ముందు ఒకసారి నా సీట్లో కూర్చుని, తలుపు మూసుకుని, కాసేపుండి దిగారు. ఆ సీటు ఎవరిదో నేనూ అడగలేదు.

గదీ లేచింది. సున్నం ఆరకముందే మనవరాలు పుట్టింది. పురుడు ఆసుపత్రిలోనే జరిగిందిలెండి, తోలు మీద కాదు. వీధి వీధంతా మమ్మల్ని చూసి నవ్వింది. బోల్టయితే షెడ్డు ముందునుంచి పోయినప్పుడల్లా, "మైలేజీ ఎంతిస్తోంది బాబాయ్?" అని కేకేసేవాడు. మా ఆయన చెయ్యి ఊపి "ఊఁ" అనేవారు. ఆ "ఊఁ"కి వాడి ముఖం చూడాలి!

కోడలు ఊరుకోలేదు, తీసుకెళ్ళి చెవి మిషను కూడా పెట్టించింది. అది పెట్టుకుంటే కుట్టుమిషను నెత్తిమీద కొడుతున్నట్టుందని, లారీలు ఈ చెవిలోంచి ఆ చెవిలోకి పోతున్నాయని, మాటలకంటే చప్పుళ్ళే ముందొస్తున్నాయని తీసి డబ్బాలో పెట్టేసేవారు. కొత్తవాళ్ళెవరైనా వస్తే పెట్టుకునేవారు.

కారు మూలకు చేరిన మొదటి సాయంత్రం సంగతి చెప్పి ముగిస్తాను. పని కట్టేశాక మా ఆయన చేతులు కడుక్కుని వచ్చి నా వైపు తలుపు తెరిచారు. నడుము, తల, కాళ్ళు, అదే వరసలో నన్ను లోపల సర్దారు. అటు వెళ్ళి తనూ కూర్చున్నారు. తలుపులు మూసుకున్నాయి. ఎదుటి అద్దంలోంచి గోడా, దానిమీద మేస్త్రి గీసిన సుద్దగీతా తప్ప ఏమీ కనపడటం లేదు. ఆయన అలవాటుగా స్టీరింగు మీద రెండు చేతులూ వేశారు.

"చెప్పు" అన్నారు.

"ఏం చెప్పను?"

"చలికాలంనుంచి చెప్పు. మీ చెల్లెలి కన్ను."

చెప్పడం మొదలుపెట్టాను. చెల్లెలికి ముందు మసక ఎలా మొదలైందో, పక్కింటావిడను చూసి ఆడపడుచనుకుని ఎలా కూర్చోబెట్టి కబుర్లు చెప్పిందో, మరిది ఎంతకీ కదలకపోతే ఎలా తిట్టిందో అన్నీ చెప్పాను. ఇంకా ఆసుపత్రి మెట్లయినా ఎక్కలేదు, కోడలు వచ్చి అద్దం మీద తట్టింది. అన్నం చల్లారిపోతోందని సైగ చేసింది.

మా ఆయన ఉండమన్నట్టు ఆమెకు చెయ్యి చూపించి, నా వైపు తిరిగారు.

"తర్వాత?" అన్నారు.